పిట్టను తిట్టే ముందు కుండలు లెక్కపెట్టండి

కార్తీకమాసంలో ఒక పొద్దున్నే ముగ్గు వేసి వరండాలోకి వచ్చేసరికి పంజరం కింద పరిచిన పేపరు మీద రెండు నెత్తుటి చుక్కలు, పగిలిన చిన్న గుడ్డు కనిపించాయి. పైకి చూస్తే పసుపు పిట్ట ఒక కాలు పైకి ముడుచుకుని కర్ర మీద కూర్చుంది. దాని వేలి గోరు ఊడిపోయింది. దాని కుండలో నీలి పిట్ట కూర్చుని, మూతిలోంచి తల బయటికి పెట్టి, దగ్గరికొస్తే నీ సంగతీ చూస్తానన్నట్టు నా వైపు చూస్తోంది.

"అమ్మో, ఎంత గయ్యాళిదే నువ్వు! దాని గుడ్లు పగలగొట్టి, దాని ఇంట్లోనే కూర్చుంటావా?" అని అరిచాను.

మా అత్తమ్మ మంచం మీద కూర్చుని తమలపాకుకి సున్నం రాస్తోంది. తలెత్తకుండానే అంది: "గయ్యాళి కాదమ్మా. పురుడు మీదికొచ్చింది, తల దాచుకోడానికి చోటు చాల్లేదు. పిట్టను తిట్టే ముందు కుండలు ఎన్నున్నాయో లెక్కపెట్టు."

కుండలు రెండే ఉన్నాయి. రెండూ నేను కట్టినవే.

ముందు ఈ పిట్టల సంగతి చెప్పాలి. మాది నడిగూడెం. కోటకు రెండు వీధుల అవతల ఇల్లు. మా పెద్దోడు తొమ్మిదో తరగతి. మార్కులు బాగా వస్తే లవ్ బర్డ్స్ కొనిపెట్టమని అడిగాడు. శ్రావణంలో వాళ్ల నాన్న కోదాడ తీసుకెళ్లి రెండు జతలు, రెండున్నర అడుగుల పంజరం కొనుక్కొచ్చారు. మన ఊళ్లలో అందరూ లవ్ బర్డ్స్ అని పిలిచేవి చాలామట్టుకు లవ్ బర్డ్స్ కావు. వాటి అసలు పేరు బడ్జెరిగార్, పెంచేవాళ్లు బడ్జీ అంటారు. ఇవి ఆస్ట్రేలియా పిట్టలు. జాన్ గౌల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త 1840లో వీటిని ఇంగ్లండుకి తెచ్చాడు. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకాయి. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. వాటి తోక పొట్టి, ముక్కు బలం ఎక్కువ. ఆ రెండు రకాల్నీ ఒకే పంజరంలో పెడితే పాపం బడ్జీల కాళ్లు దక్కవు. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. మన రామచిలుకను మాత్రం పంజరంలో పెట్టకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పిల్లలు మారాం చేసినా సరే, దాన్ని చెట్టు మీదే చూపించండి.

బడ్జీల్లో ఆడామగా గుర్తుపట్టడం తేలిక. ముక్కు పైన, శ్వాస రంధ్రాల చుట్టూ మైనంలాంటి పట్టీ ఉంటుంది. ఎదిగిన మగదానికి అది నీలంగా ఉంటుంది. ఆడదానికి గుడ్లు పెట్టే వేళకి ముదురు గోధుమ రంగులోకి తిరిగి గరుకుగా అవుతుంది. మా రెండు ఆడపిట్టలకీ దసరా అయ్యేసరికి ఆ రంగు వచ్చింది. పిల్లలు ఒకదానికి పసుపు అనీ, ఒకదానికి నీలి అనీ పేరు పెట్టారు. పసుపు జతగాడు చుక్క, నీలి జతగాడు బుజ్జోడు. "అమ్మా, గూళ్లు కావాలంట" అని వాడు గొడవ చేస్తే, కుమ్మరి దగ్గర రెండు చిన్న ముంతలు తెచ్చి, పక్కకి కన్నం చేయించి కట్టాను. ఒకటి పై మూలకి కట్టాను. రెండో దానికి పైన చోటు లేక కింద కర్ర పక్కన కట్టాను. రెండు జతలకి రెండు కుండలు, లెక్క సరిపోయిందనుకున్నాను.

సరిపోలేదు. చెట్టు మీద గూడు ఎంత ఎత్తులో ఉంటే పిల్లలకి అంత భద్రం. ఆ సంగతి పిట్టకి పుట్టుకతోనే తెలుసు. అందుకే ఇద్దరి కన్నూ పై కుండ మీదే పడింది. పసుపు ముందు ఎక్కింది. నీలి రోజంతా ఆ కుండ మూతి దగ్గరే తచ్చాడేది. ముక్కూ ముక్కూ పొడుచుకోవడం, మెడ ఈకలు నిక్కబొడుచుకోవడం, ఒకటి గింజలకి దిగితే రెండోది వెంటపడి తరమడం, ఇవన్నీ వారం రోజులు నా కళ్ల ముందే జరిగాయి. ఎదురింటి వదిన చూసి నవ్వుతూ సామెత చెప్పింది: "రెండు కొప్పులు ఒకచోట ఇమడవు. పిట్టలైనా అంతే!" నేనూ నవ్వాను. ఆ నవ్వుకి రెండు గుడ్లు, ఒక గోరు పోయాయి.

ఆ రోజు పసుపు వేలిని శుభ్రమైన గుడ్డతో కాసేపు అదిమి పట్టుకుంటే నెత్తురు ఆగింది. దాన్నీ చుక్కనీ వేరే బుట్టలోకి మార్చాం. అంత చిన్న ప్రాణికి నాలుగు చుక్కల నెత్తురు పోవడం కూడా పెద్ద సంగతేనని, నెత్తురు ఆగకపోతే ఆలస్యం చేయకుండా తీసుకురమ్మని పశువుల డాక్టరు ఫోన్లో చెప్పారు. తర్వాత అత్తమ్మ పక్కన కూర్చుని, "మీ కాలంలో కోళ్లు కొట్టుకుంటే ఏం చేసేవాళ్లు?" అని అడిగాను.

అత్తమ్మ పుట్టిల్లు కూడా ఈ చుట్టుపక్కలే. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో మద్రాసు ప్రెసిడెన్సీ కింద కృష్ణా జిల్లా ముక్కలాగా ఉండేది మా మునగాల పరగణా. 1959లో గానీ నల్గొండ జిల్లాలో కలవలేదు. అందుకేనేమో మా పెద్దవాళ్లకి హద్దుల మాట ఎక్కువ. "హద్దు సరిగ్గా ఉంటే తగువు సగం ఉండదు" అని మొదలుపెట్టింది.

పొదుగుకొచ్చిన కోడిపెట్టని వాళ్లు ఎప్పుడూ తిట్టేవాళ్లు కాదట. అది చెయ్యి పెడితే పొడుస్తుంది, రెక్కలు విదిలిస్తుంది, గుర్రుమంటుంది. పొదుగు మీదుంది కాబట్టి అలాగే ఉంటుందని వదిలేసేవాళ్లు. రెండు పెట్టలు ఒకేసారి పొదుగుకొస్తే ఒకదాన్ని వంటింటి మూలన, ఒకదాన్ని గడ్డివాము పక్కన గదిలో, గంపలో వరిగడ్డి పరిచి పెట్టేవాళ్లు. ఒకదాని కంటికి ఒకటి కనపడకూడదు. గింజలూ నీళ్లూ దాని దగ్గరికే వెళ్లాలి. ఇరవై ఒక్క రోజులు పిల్లల్ని ఆ వైపు పోనిచ్చేవాళ్లు కాదు. ఒకే గంపలో రెండిటినీ పెడితే గుడ్లు చిదిగిపోతాయి. అప్పుడు తప్పు పెట్టది కాదు, పెట్టినదానిది అని మా అత్తమ్మకి వాళ్ల అత్తగారు చెప్పిందట.

చదువుకున్న నేను ఫోన్లో నాలుగు రోజులు వెతికి తెలుసుకున్నదీ దాదాపు ఇదే. ఆస్ట్రేలియాలో బడ్జీలు గుంపులుగా తిరుగుతాయి. వానలు పడి గడ్డి గింజలు పండినప్పుడు యూకలిప్టస్ చెట్ల తొర్రల్లో గుడ్లు పెడతాయి. ఒకే చెట్టులో పక్కపక్క తొర్రల్లో చాలా జతలు కాపురం పెడతాయి. కాబట్టి ఇవి ఒంటరి జాతి కాదు, రెండు కొప్పులు ఇమడని జాతీ కాదు. కానీ తొర్రని పిట్ట చేసుకోలేదు, వెతుక్కోవాలి. దొరికినదాన్ని కాపాడుకోవాలి. అందుకే గూడు దగ్గర ఆడబడ్జీ అంత గట్టిగా నిలబడుతుంది. అడవిలోనైతే ఓడిపోయిన పిట్ట ఎగిరి ఇంకో చెట్టుకి పోతుంది. రెండున్నర అడుగుల పంజరంలో ఓడిపోయిన పిట్ట ఎక్కడికి పోతుంది? గెలిచిన పిట్టకి మాత్రం అది మళ్లీ రాదన్న నమ్మకం ఏముంటుంది?

ఇంట్లో ఇవి పెంచేవాళ్లకి పనికొస్తుందని మేము చేసినవి చెబుతాను. పంజరంలో ఎన్ని జతలుంటే దానికి రెట్టింపు కుండలు కట్టాలి. అన్నీ ఒకే ఎత్తులో, ఒకే సైజులో, ఒకే రోజున కట్టాలి. ఈ రోజొకటి, రేపొకటి కడితే కొత్తదాని కోసం మళ్లీ యుద్ధమే. జత లేని ఆడపిట్ట పంజరంలో అసలు ఉండకూడదు. గూడు దొరకని ఒంటరిది పక్కవాళ్ల గూళ్లలోకి దూరి గుడ్లనీ పిల్లల్నీ చంపే ప్రమాదం ఎక్కువ. గింజల గిన్నె, నీళ్ల గిన్నె రెండేసి చొప్పున ఎదురెదురు మూలల్లో పెట్టాలి. కొర్రలు, సజ్జలు రోజూ ఉండాలి. సముద్రపు నురుగు అని పచారీ కొట్లో అమ్మే తెల్లటి ముక్కని కూడా తగిలించాలి. గుడ్డు పెంకుకి కావలసిన సున్నం దాన్నుంచే వస్తుంది. అది చాలక గుడ్డు లోపలే ఇరుక్కుంటే పిట్ట ఒళ్లంతా ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుని ముక్కుతుంది. అలా కనపడితే మాత్రం ఇంటి వైద్యాలు వద్దు, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

నాలుగు కుండలు కట్టాక పోట్లాట తగ్గింది. పూర్తిగా మాత్రం ఆగలేదు. మాది చిన్న పంజరం. పైగా నీలికి పసుపు మీద పగ తీరలేదో ఏమో, ఖాళీ కుండలు వదిలేసి మళ్లీ దాని వైపే పోయేది. అవే సర్దుకుంటాయిలే అన్నారు మా ఆయన. ఒకసారి నెత్తురు చూశాక ఆ మాట నాకు నచ్చలేదు. వెల్డింగు షాపులో నాలుగడుగుల పంజరం చేయించి మధ్యలో అడ్డు పెట్టించాం. అక్కడా ఒక తప్పు జరిగింది. ముందు జాలీ అడ్డు పెట్టాం. జాలీని పట్టుకుని వేలాడుతుంటే అవతలి నుంచి వేళ్లు కొరుకుతాయి. తర్వాత ప్లైవుడ్ ముక్క దూర్చాం. ఇక ఒకదానికొకటి వినపడతాయి, కనపడవు. అత్తమ్మ గంపల లెక్కకే వచ్చి చేరాం. మూడో రోజుకి నీలి తన కుండలో తాను కూర్చుంది. వారం దాటేసరికి గుడ్లు. రోజు విడిచి రోజు ఒక్కొక్కటి చొప్పున నాలుగు పెట్టింది. పద్దెనిమిది రోజులు పొదిగితే మూడు పిల్లలయ్యాయి. పసుపుకీ రెండు పిల్లలు. అదే నీలి! పిల్లల నోట్లో మేత పెడుతూ, బుజ్జోడు తెచ్చి పెడితే తింటూ, ఎంత సాధువుగా ఉందో. పిట్ట మారలేదు. పంజరం మారిందంతే.

కథ ఇక్కడితో అయిపోతే నేను ఇదంతా రాసేదాన్ని కాదు.

సంక్రాంతి వెళ్లాక నీలి పెద్దపిల్ల కుండలోంచి బయటికొచ్చింది. దానికి ఐదు వారాలు. ఎగరడం వచ్చింది గానీ గింజ ఒలుచుకోవడం ఇంకా రాలేదు. పిల్లలు బడి నుంచి వచ్చి చూసేసరికి దాని మెడ వెనక ఈకలు లేవు. చర్మం ఎర్రగా కమిలింది. మేత కోసం అది తల్లి దగ్గరికి జరిగినప్పుడల్లా తల్లి దాని వీపు మీదెక్కి పొడుస్తోంది. మా పెద్దోడు బిత్తరపోయాడు.

"అమ్మా, నీలికి దాని పిల్లంటే ఇష్టం లేదా?"

కుండలోకి చూస్తే సంగతి అర్థమైంది. మిగతా రెండు పిల్లలు ఇంకా లోపలే ఉన్నాయి. వాటి పక్కన కొత్తగా రెండు గుడ్లున్నాయి. ఆడబడ్జీ చాలాసార్లు మొదటి కాన్పు పిల్లలు ఎగిరిపోకముందే రెండో కాన్పు మొదలుపెడుతుంది. ఇక గూడు కొత్త గుడ్లది. పెద్దపిల్ల తిరిగొస్తే దాని కంటికి అదీ గూడు మీదికొచ్చిన ఇంకో పిట్టే.

మరి ఆ పిల్లని ఎవరు సాకాలి? తండ్రి. బడ్జీల్లో గూడు వదిలిన పిల్లలకి సొంతంగా తినడం వచ్చేదాకా మేత పెట్టేది ఎక్కువగా తండ్రే. మేం పాత పంజరం కడిగి అందులో బుజ్జోణ్నీ పిల్లనీ వేశాం. నీలి గిన్నె కుండ దగ్గరికి జరిపాం. మిగతా రెండు పిల్లలు నాలుగైదు రోజుల్లో బయటికి రాగానే వాటినీ తండ్రి దగ్గరికి చేర్చాం. బుజ్జోడు పొద్దుణ్నుంచి రాత్రిదాకా మూడింటి నోళ్లలో మేత కక్కుతూనే ఉన్నాడు. పది రోజులకి మూడూ కొర్రలు ఒలుచుకోవడం నేర్చుకున్నాయి. మెడ మీద ఈకలు మళ్లీ మొలిచాయి.

కానీ పెద్దోడు అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే అదే ప్రశ్న పదకొండేళ్ల కింద ఒకావిడ నన్ను అడిగింది.

నా రెండో కాన్పు అత్తారింట్లోనే అయింది. మొదటిదానికి పుట్టింటికి వెళ్లాను గానీ రెండోసారి అమ్మకి ఒంట్లో బాగోలేదు. ఆపరేషను, కుట్లు. పాప రాత్రంతా ఏడ్చేది. పెద్దోడికి అప్పటికి మూడేళ్లు. అప్పటిదాకా నా పక్కలో పడుకున్నవాణ్ని రాత్రికి రాత్రి అవతల మంచం మీదికి పంపారు. పగలు వచ్చి నా మీద ఎక్కేవాడు. కుట్ల మీద కాలు పడేది. ఒకరోజు మధ్యాహ్నం పాప అప్పుడే నిద్రపోయింది. వాడొచ్చి పాప కళ్లలోకి వేలు పెట్టబోయాడు. నాకేమైందో తెలియదు. చెంప మీద గట్టిగా కొట్టాను. తర్వాత ఇంకోటి. నాలుగు వేళ్లూ తేలాయి. వాడు ఏడవలేదు. నా వైపు చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి తలుపు దగ్గర ఆగాడు.

పాపని చూడ్డానికొచ్చిన దూరపు చుట్టం ఒకావిడ అక్కడే ఉంది. "ఏం తల్లివే నువ్వు? చిన్నది రాగానే పెద్దోడు చేదయ్యాడా?" అంది. అందరూ విన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి నేను నా గురించి ఆ మాటతోనే ఆలోచించుకున్నాను. వాడికి జ్వరమొచ్చినా, మార్కులు తగ్గినా, వాడు మాట్లాడకుండా కూర్చున్నా, ఆ మధ్యాహ్నం వల్లనేమో అనిపించేది. పదకొండేళ్లు ఎవరితోనూ చెప్పుకోలేదు.

నీలి సంగతి చూశాక అత్తమ్మని అడిగాను. "కోడి పొదుగు మీదుంటే పిల్లల్ని ఆ వైపు పోనివ్వలేదన్నారు కదా. మరి నా దగ్గర్నుంచి పెద్దోణ్ని ఎవరూ ఎందుకు పట్టుకెళ్లలేదు అత్తమ్మా?"

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "కోడికి చేసింది కోడలికి చెయ్యాలని తోచలేదే" అంది చివరికి. నన్ను ఓదార్చలేదు, తన తప్పు దాచుకోలేదు. ఆవిడ కాన్పులప్పుడు ఆవిడకీ ఎవరూ చెయ్యలేదని మాత్రం చెప్పింది.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. మన ఇళ్లలో గూటి వేళ కోపాన్ని మనం ఆడదాని గుణం కింద లెక్క వేస్తాం. కొత్త కోడలు నోరు చేస్తే గయ్యాళి. తోడికోడళ్లకి పడకపోతే రెండు కొప్పుల సామెత. బాలింత పెద్దపిల్లని కసిరితే అదేం తల్లి. ఇద్దరు కోడళ్లకి ఒకే పొయ్యి, ఒకే బాత్రూము ఇచ్చి, ఒకరికి పై గది, ఒకరికి వంటింటి పక్క గది ఇచ్చి, ఆ తర్వాత వాళ్లు కొట్టుకుంటున్నారని నవ్వుతాం. కుండలు కట్టింది ఎవరో ఎవరూ అడగరు. పంజరం వేసినవాళ్లకి సామెతలు చాలా సౌకర్యం. నేనూ ఆ రోజు వదినతో కలిసి నవ్వానని ఒప్పుకుంటున్నాను.

మన పెద్దవాళ్ల పురుడు ఆచారంలో తెలివి లేదని నేననను. ఆడపిల్లని పుట్టింటికి తీసుకెళ్లడం, పదకొండు రోజులు పని ముట్టనివ్వకపోవడం, జనాన్ని గదిలోకి రానివ్వకపోవడం, ఇవన్నీ పెట్టని గంప కింద పెట్టి కాపాడినట్టే. కానీ ఆ ఏర్పాటు బిడ్డకీ తల్లికీ మాత్రమే. పెద్దపిల్లని ఎవరు చూడాలో అందులో ఎక్కడా లేదు. తండ్రి పేరు అసలే లేదు. రెండో కాన్పు అత్తారింట్లో అయితే ఆ పాటి ఏర్పాటూ ఉండదు. పదకొండో రోజు పురుడు కాగానే పన్నెండో రోజు పొయ్యి దగ్గర నిలబడాలి.

"పిట్ట చేసిందని నువ్వు చేసింది ఒప్పైపోతుందా?" అని ఎవరైనా అడగొచ్చు. అవ్వదు. నీలి అమాయకురాలు కదాని పిల్లని దాని ముక్కు కింద వదిలెయ్యలేదు మేము. ముందు పిల్లని తీశాం. పసివాడి చెంప మీద పడిన దెబ్బ దెబ్బే, నా కుట్ల నొప్పితో అది చెరిగిపోదు. దెబ్బ తినేవాణ్ని ముందు పక్కకి తియ్యాలి. కానీ అక్కడితో ఆగి తల్లిని నాలుగు మాటలని వెళ్లిపోతే, రేపు మళ్లీ అదే జరుగుతుంది. రెండో పని చోటు మార్చడం. మొదటి పని మాత్రమే చేసేవాళ్లు కొందరు, రెండూ చెయ్యకుండా ఏం తల్లివే అనేవాళ్లు చాలామంది.

చోటు మార్చడమంటే పెద్ద ఖర్చేమీ కాదు. కాన్పుకి ముందే పెద్దపిల్లకి తండ్రి పక్కలో పడుకోవడం అలవాటు చెయ్యాలి. చిన్నది పుట్టిన రోజునే మార్చకూడదు, అది ఒకే రోజు కుండ లాక్కున్నట్టు ఉంటుంది. స్నానం, అన్నం, బడికి పంపడం తండ్రి చెయ్యాలి. సాయం చేస్తున్నాననుకుని కాదు, అది ఆయన వంతే. బాలింత గదికి లోపల గడియ ఉండాలి. చూడ్డానికొచ్చేవాళ్లు బిడ్డని చూసి పది నిమిషాల్లో బయటికి రావాలి. ఇద్దరు కోడళ్లున్న ఇంట్లో ఇద్దరికీ ఒకే రకం గది, ఒకే రకం మాట ఉండాలి. కాన్పుకీ కాన్పుకీ మధ్య వ్యవధి కావాలని అడిగే హక్కు ఆమెకి ఉండాలి. పిట్టకైతే రెండు కాన్పుల తర్వాత కుండలు తీసేస్తాం. మనిషికి ఆ మాత్రం దయ చూపకపోతే ఎలా?

ఇంకొకటి. పిట్ట కోపానికి కుండలు చాలు గానీ, మనిషికి ఒక్కోసారి అవి చాలవు. కాన్పయ్యాక మొదటి రోజుల్లో ఊరికే ఏడుపు రావడం, విసుగు రావడం చాలామందికి ఉండేదే. అది రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డనో తననో ఏమైనా చేసుకుంటానేమోనన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది గుణం కాదు, జబ్బు. దానికి మందుంది. డాక్టరుకి చెప్పాలి. ఊళ్లో చెప్పుకోవడానికి మొహమాటమైతే టెలిమానస్ అని ప్రభుత్వ ఫోను లైను ఉంది, నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. పదకొండేళ్ల కింద నాకు ఇలాంటిదొకటి ఉంటుందని కూడా తెలియదు.

పోయిన ఆదివారం పంజరం కడుగుతూ పెద్దోడితో ఆ మధ్యాహ్నం సంగతి చెప్పాను. చెప్పడానికి నెల పట్టింది. చెయ్యి వణికి నీళ్ల గిన్నె కింద పడింది. వాడు విన్నాడు. "నాకు గుర్తు లేదమ్మా" అన్నాడు. కాసేపు ప్లైవుడ్ ముక్క తుడుస్తూ ఉండి అడిగాడు: "అప్పుడు నాన్నెక్కడున్నాడు?"

నాన్న పక్క గదిలోనే ఉన్నారు. ఆ రోజు టీవీ చూస్తున్నారు. ఆ సంగతి నేనేమీ చెప్పలేదు. వరండా గుమ్మంలో పేపరు చదువుతున్న ఆయనే, పేపరు మడిచి, "ఇక్కడే ఉన్నానురా" అన్నారు. ఇంకేమీ అనలేదు. లేచొచ్చి పంజరం ఒక పక్క పట్టుకున్నారు. ముగ్గురం కలిసి దాన్ని ఎండలోకి మోశాం.

నీలి రెండో కాన్పు పిల్లలు కూడా ఎగిరాయి. నాలుగు కుండలూ తీసి కడిగి అటక మీద పెట్టాం. పొద్దుగూకగానే పంజరం మీద గుడ్డ కప్పుతున్నాం. వెలుతురు ఎక్కువసేపు ఉంటే మళ్లీ గూటి మీదికి మనసు పోతుంది. ప్లైవుడ్ అడ్డు కూడా తీసేశాం. కుండలు లేని పంజరంలో నీలీ పసుపూ ఒకే కర్ర మీద జానెడు ఎడంగా కూర్చుంటున్నాయి. నిన్న పసుపు జరిగి జరిగి దాని పక్కకి వస్తే, నీలి తల తిప్పి చూసి, మళ్లీ కళ్లు మూసుకుంది.

ఎదురింటి వదిన చూసి, "కలిసిపోయాయే!" అని ఆశ్చర్యపోయింది. ఆ సామెత మళ్లీ ఎత్తకముందే కుర్చీ వేసి, టీ ఇచ్చి, కుండల లెక్క చెప్పడం మొదలుపెట్టాను. వాళ్లింట్లో వచ్చే నెల చిన్న కోడలి పురుడు.